నరాల బ్లాక్ కాథెటర్ లాగితే రాకపోతే: వార్డులో ఎంతవరకు, ఓటీకి ఎప్పుడు?

పర్లాకిమిడి వార్డు సిస్టర్ · ఉదయం 7:10

అందరికీ నమస్కారం. ఎముకల వార్డు గోడకి అతికించడానికి ఒక పేజీ కాగితం రాస్తున్నాం. మత్తు డాక్టర్లు, ఓటీ వాళ్లు సాయం చెయ్యాలి. ఆపరేషన్ తర్వాత నొప్పి మందు ఎక్కించడానికి నరం పక్కన పెట్టిన కాథెటర్‌ని, అంటే సన్నని గొట్టాన్ని, రెండో రోజో మూడో రోజో తీస్తాం కదా. దాదాపు ఎప్పుడూ మెత్తగా జారి వచ్చేస్తుంది. రాకుండా పట్టేసినప్పుడు ఏం చెయ్యాలన్న చోటే మా కాగితంలో ఖాళీ ఉంది.

నాలుగు సంగతులు తేల్చి చెప్పండి. ఎంత గట్టిగా లాగొచ్చు? సిస్టర్ ఎక్కడ ఆగి డాక్టర్‌ని పిలవాలి? సెలైన్ ఎక్కించి లాగడం వార్డులో చెయ్యొచ్చా? కేస్ షీట్‌లో ఏం రాయాలి? శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఆపరేషన్ అయ్యి కాథెటర్‌తోనే ఇటు వచ్చే రోగులు కూడా ఉంటారు. వాళ్ల కాగితాల్లో కాథెటర్ రకం, లోతు ఉండవు. అదీ దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

బరంపురం మత్తు డాక్టర్ · ఉదయం 7:52

సిస్టర్ గారూ, కాగితం మొదటి వాక్యం ఇలా పెట్టండి: "అడ్డు తగిలితే ఆగాలి." మిగతాదంతా దాని తర్వాతే. పట్టేసిన కాథెటర్ దానంతట అది రోగికి పెద్ద హాని చెయ్యదు. దాన్ని బలవంతంగా లాగిన చెయ్యి చేస్తుంది. నరం చుట్టూ ఉచ్చు పడి ఉంటే లాగే కొద్దీ ఉచ్చు బిగుస్తుంది. ముడి వదులుగా ఉంటే లాగే కొద్దీ గట్టిపడుతుంది. కుట్టులో చిక్కుకుని ఉంటే తెగి ముక్క లోపలే ఉండిపోతుంది.

అసలు లాగడానికి ముందు చెయ్యాల్సినవి ఉన్నాయి. మందు ఎక్కించే పంపు ఆపి, రోగికి స్పర్శ తిరిగి వచ్చేదాకా ఆగాలి. 0.2 శాతం రోపివకైన్, అంటే నరాన్ని మొద్దుబార్చే మందు, ఎక్కుతుండగా కాథెటర్ తీస్తే నరం లాగుతున్నా రోగికి తెలియదు, మనకు చెప్పడు. పంపు ఆపాక స్పర్శ రావడానికి కొన్ని గంటలు పడుతుంది. గడియారం చూసి కాదు, దూదితో తాకి, కాలి వేళ్లు కదిలించమని చూసి నిర్ణయించండి. చాలాచోట్ల ఈ మెట్టు దాటేస్తారు. పట్టేసినప్పుడు మనకున్న ఒకే ఒక్క హెచ్చరిక గంట రోగి నోరు. దాన్ని మత్తులో ఉంచి పని మొదలుపెట్టకూడదు.

తర్వాత రక్తం పలచబడే మందు ఎప్పుడు ఇచ్చారో చూడాలి. వెన్నులో పెట్టే ఎపిడ్యూరల్‌కీ, నడుము దగ్గర లోతుగా పెట్టే లంబార్ ప్లెక్సస్ కాథెటర్‌కీ ఒకే లెక్క: ఎనోక్సాపరిన్ 40 మిల్లీగ్రాములు రోజుకోసారి ఇస్తుంటే చివరి డోసు పడ్డాక 12 గంటలు ఆగి తీయాలి, తీశాక కనీసం 4 గంటలు ఆగి తర్వాతి డోసు. రాత్రి 10కి ఇంజెక్షన్ పడితే మర్నాడు ఉదయం 10కి తీయొచ్చు, రాత్రి 10 డోసు యథాప్రకారం పడుతుంది. మామూలు హెపరిన్ తక్కువ డోసులో చర్మం కింద ఇస్తుంటే 4 నుంచి 6 గంటలు ఆగి తీసి, గంట తర్వాత మళ్లీ మొదలుపెట్టొచ్చు. మోకాలి వెనక, తొడ, మెడ పక్కన పెట్టేవి పైపైన ఉంటాయి, వేలితో నొక్కితే రక్తం ఆగుతుంది. అక్కడ ఇంత కట్టుదిట్టం అక్కర్లేదు గానీ డాక్టర్‌ని అడిగే తీయండి.

జయపురం ఓటీ టెక్నీషియన్ · ఉదయం 8:15

పై మాటకి చేర్పు. "పట్టేసింది" అని పిలిచిన వాటిలో కొన్ని చర్మం పైనే పట్టేసి ఉంటాయి. ముందు అవి చూడండి.

టెగాడెర్మ్, అంటే పారదర్శక ప్లాస్టరు, అంతా ఒలిచారా? కాథెటర్‌ని బిగించే ప్లాస్టిక్ బిళ్ల ఉంటే దాని తాళం తెరిచారా? చర్మం కింద సొరంగంలా పంపి ఇంకో చోట బయటికి తీశారా? ఉంటే రెండు రంధ్రాలు కనిపిస్తాయి, రెండో చోట కుట్టు ఉండొచ్చు. బయటికి వచ్చే చోట గాయం గమ్ము, అంటే సైనోఅక్రిలేట్, వేశారా? మందు కారకుండా, కాథెటర్ జారకుండా ఈ మధ్య ఒక చుక్క వేస్తున్నారు. ఆరాక అది గాజు పెంకులా కాథెటర్‌ని చర్మానికి అతికిస్తుంది. దాని మీద పెట్రోలియం జెల్లీ దళసరిగా రాసి కాసేపు వదిలేస్తే అంచు లేస్తుంది, మెల్లగా ఒలవొచ్చు. అసిటోన్ వాడొద్దు. పాలియురేతేన్ కాథెటర్ దాంతో మెత్తబడి తెగుతుంది.

ప్లాస్టరు విప్పేటప్పుడు కత్తెర చేతిలో ఉండకూడదు. కాథెటర్ తెగిన సంఘటనల్లో కొన్ని లోపల ముడి వల్ల కాదు, ప్లాస్టరు కింద కనపడక కత్తెర పడటం వల్ల. చర్మం దగ్గర తెగితే కొస లోపలికి జారిపోతుంది.

గుణుపురం పీజీ · ఉదయం 8:40

ఎంత బలం అన్న ప్రశ్నకి నాకూ జవాబు కావాలి. ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పట్టి స్థిరంగా లాగితే చేతి జారుడు ఉండదు కదా సార్?

బరంపురం మత్తు డాక్టర్ · ఉదయం 9:05

ఫోర్సెప్స్ వద్దే వద్దు డాక్టర్ గారూ. దాని పళ్ల మధ్య కాథెటర్ నలిగిన చోటే తర్వాత తెగుతుంది. వేలికి చుట్టుకుని లాగడం కూడా వద్దు, ఎంత బలం పెడుతున్నామో చేతికి తెలియదు. గ్లవ్ వేసిన బొటనవేలూ చూపుడువేలూ మధ్య, చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టండి. పెట్టిన దిశలోనే, మెల్లగా, ఒకే లాగుడుగా తీయండి. కాథెటర్ కదలకుండా గ్లవ్ జారిపోతోందంటే అదే హద్దు. అంతకు మించిన బలం వార్డులో వాడకూడదు.

ఇంకో గుర్తు ఉంది. చర్మం దగ్గర కాథెటర్ మీద పెన్నుతో చిన్న గీత పెట్టి లాగండి. గీత అర సెంటీమీటరు బయటికి వచ్చి, వదలగానే లోపలికి పోతే కాథెటర్ కదల్లేదు, సాగింది. నైలాన్, పాలియురేతేన్ రెండూ సాగుతాయి. సాగి సన్నబడిన చోట తెల్లగా మారితే తెగడానికి దగ్గర పడిందని అర్థం. స్ప్రింగు చుట్టిన లోహపు తీగ ఉన్న రకాలు వేరు, వాటి సంగతి కింద రాస్తాను.

ఎక్కడ పట్టేసిందో సెంటీమీటర్లే చెబుతాయి. కాథెటర్ మీద సెంటీమీటరుకో గీత ఉంటుంది, 5 దగ్గర ఒక పట్టీ, 10 దగ్గర రెండు పట్టీలు. ఉదాహరణకి మోకాలి వెనక బ్లాక్‌లో సూది 4 సెంటీమీటర్ల లోతున నరం దగ్గరికి చేరింది, కాథెటర్ చర్మం దగ్గర 8 గుర్తు మీద వదిలారు అనుకుందాం. అంటే సూది కొస దాటి 4 సెంటీమీటర్లు లోపల ఉంది. ఒక్క సెంటీమీటరు కూడా కదలకపోతే చర్మం, గమ్ము, కుట్టు, సొరంగం అనుమానించాలి. 2 సెంటీమీటర్లు వచ్చి 6 దగ్గర ఆగితే లోపలి భాగం ఎక్కడో చుట్టుకుంది. 3 గుర్తు దాకా వచ్చి ఆగితే ముడి పైకి వచ్చి కండరం మీది పొర, అంటే ఫేసియా కింద తట్టుకుంది. ఈ మూడింటికీ దారులు వేరు. అందుకే "రాలేదు" అని కాదు, "8 నుంచి 6కి వచ్చి ఆగింది" అని రాయండి.

పర్లాకిమిడి వార్డు సిస్టర్ · ఉదయం 9:30

గీత గుర్తు చాలా ఉపయోగం సార్, కాగితంలో పెడుతున్నాను. ఆగాక వెంటనే పిలవాలా, ఇంకేదైనా చెయ్యొచ్చా?

బరంపురం మత్తు డాక్టర్ · ఉదయం 9:58

ముందు ఒక్క ప్రశ్న: లాగినప్పుడు జివ్వుమందా? కాలి వేళ్లలోకో చేతి వేళ్లలోకో కరెంటు కొట్టినట్టు పాకిందా? అవునంటే అక్కడితో వార్డు పని ఆఖరు. వదిలేసి, శుభ్రమైన గాజ్ గుడ్డ కప్పి, మత్తు డాక్టర్‌ని పిలవండి. "ఇంకోసారి చూద్దాం" అన్న మాటే లేదు.

జివ్వుమనకపోతే భంగిమ మార్చాలి. పెట్టినప్పుడు ఏ భంగిమలో ఉన్నారో అదే అన్నిటికన్నా మంచిది. కండరాల పొరలు అప్పటిలాగే సర్దుకుంటాయి. మెడ పక్కన పెట్టినదైతే తల రెండో వైపు తిప్పి, భుజం వదులు చేయించండి. మోకాలి వెనకదైతే మోకాలు కొంచెం మడవండి. తొడ మీది ఫెమోరల్, అడక్టర్ కెనాల్ కాథెటర్లకి తుంటినీ మోకాలినీ ఒకసారి వంచి, ఒకసారి చాచి చూడండి. ఎపిడ్యూరల్ అయితే పక్కకి పడుకోబెట్టి మోకాళ్లు పొట్టకి ముడిపించండి. కూర్చోబెట్టి తీసేకన్నా పక్కకి పడుకున్నప్పుడు తక్కువ బలంతో వస్తుంది. 15 నుంచి 30 నిమిషాలు విరామం ఇచ్చి, రోగి నొప్పితో బిగదీసుకుని లేడని చూసుకుని రెండోసారి ప్రయత్నించండి. వార్డులో మొత్తం రెండే ప్రయత్నాలు. మూడోది డాక్టర్ చేతిది.

రాయగడ ఎముకల సర్జన్ · ఉదయం 11:20

కుట్టు సంగతి సర్జన్ల వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ఈ తప్పు మా చేతుల్లో జరిగేది.

గాయం మూసేటప్పుడు సూది కాథెటర్ గుండా గుచ్చుకుపోవచ్చు, కుట్టు దాని చుట్టూ బిగుసుకోవచ్చు. కోత గీతకి దగ్గరగా కాథెటర్ పోయే చోట్ల ఇది ఎక్కువ: మోకాలి మార్పిడిలో కీలు లోపలో పక్కనో పెట్టే గాయం కాథెటర్లు, భుజం ఆపరేషన్లు, నడుము ఆపరేషన్‌లో కళ్లెదుట పెట్టే ఎపిడ్యూరల్. గుర్తు పట్టడం కష్టం కాదు. లాగగానే కోత గీతలో ఒక చోట చర్మం గుంట పడుతుంది. నొప్పి నరం పాకినట్టు ఉండదు, ఆ చోటే గుచ్చినట్టు ఉంటుంది. మొదటి సెంటీమీటరు కూడా కదలదు. గుచ్చుకుని ఉంటే సెలైన్ ఎక్కించినప్పుడు గాయం లోంచి తడి బయటికి వస్తుంది.

ఇలాంటప్పుడు ముందున్న దారి సులువు: పైకుట్టు అయితే కాథెటర్ గుంట పడిన చోట ఒక కుట్టు విప్పితే చాలు. లోపలి పొరలో పట్టిన కరిగే కుట్టయితే, ఓటీలో ఆ ఒక్క చోటే గాయం తెరిచి తీయాలి. కుట్టు దారం దానంతట కరిగి వదిలేదాకా వారాలు కాథెటర్ ఉంచే ఆలోచన వద్దు, గాయానికి చీము పట్టే దారి తెరిచి ఉంచినట్టే.

మాకు నచ్చే జాగ్రత్త ఇది: ఆఖరి కుట్టు వేశాక, డ్రెస్సింగుకి ముందు, మత్తు డాక్టర్ కాథెటర్‌ని అర సెంటీమీటరు వెనక్కి లాగి కదులుతుందో లేదో చూస్తారు. టేబుల్ మీద తెలిస్తే ఒక కుట్టు మారుస్తాం, మూడో రోజు తెలిస్తే మళ్లీ ఓటీ.

జయపురం ఓటీ టెక్నీషియన్ · మధ్యాహ్నం 12:05

ఆ అర సెంటీమీటరు లెక్కలో పెట్టుకుని ముందే ఒక సెంటీమీటరు అదనంగా పంపాలి, లేకపోతే కొస నరం వదిలేస్తుంది. రాడ్లూ స్క్రూలూ వేసే కేసుల్లో కూడా ఇదే పరీక్ష. ప్లేటు కింద చిక్కుకున్న కాథెటర్ ఏ భంగిమకీ రాదు.

గుణుపురం పీజీ · మధ్యాహ్నం 12:30

సెలైన్ ప్రశ్న మిగిలిపోయింది. కొందరు 10 మిల్లీలీటర్లు తోస్తూ లాగమంటారు, కొందరు అసలు వద్దంటారు. ఏది సరి?

బరంపురం మత్తు డాక్టర్ · మధ్యాహ్నం 1:15

పని చేస్తుంది, కానీ ఏ సమస్యకి పని చేస్తుందో తెలుసుకుని వాడాలి. కండరం, ఫేసియా కాథెటర్‌ని పట్టుకున్నప్పుడు, కొన్ని రోజులుండి చుట్టూ సన్నని పొర అల్లుకున్నప్పుడు, మెలిక తిరిగి ముడి ఇంకా పడనప్పుడు సెలైన్ చుట్టూ చోటు చేస్తుంది, కాథెటర్ కొంచెం బిగుసుగా నిలబడుతుంది, జారి వస్తుంది. బిగిసిన ముడిని అది విప్పదు.

పద్ధతి ఇది. ఫిల్టరు తీసేసి, కనెక్టరు శుభ్రం చేసి, 10 మిల్లీలీటర్ల సిరంజిలో ప్రిజర్వేటివ్ లేని 0.9 శాతం సెలైన్. 2 మిల్లీలీటర్ల సిరంజి వద్దు, చిన్న సిరంజిలో ఒత్తిడి ఎక్కువ పుడుతుంది, మూసుకున్న కాథెటర్ పగలొచ్చు. ముందు వెనక్కి లాగి రక్తం రాలేదని చూడాలి. 5 నుంచి 10 మిల్లీలీటర్లు మెల్లగా తోస్తూ ఇంకో చేత్తో మృదువుగా లాగాలి. సిరంజి తోయలేకపోతే వదిలెయ్యండి. అది ముడి లేదా గట్టి మడత అని కాథెటర్ మీకు చెబుతోంది.

లోకల్ అనస్థీషియా మందు తోయకూడదు, "నొప్పి లేకుండా తీద్దాం" అన్న మంచి ఉద్దేశంతో కూడా. రోగి నోరు మళ్లీ మూసినట్టవుతుంది. ఎపిడ్యూరల్‌లోకి ఏది తోసినా మత్తు డాక్టర్ చెయ్యే ఉండాలి. కాబట్టి సిస్టర్ గారి ప్రశ్నకి నా జవాబు: సెలైన్ పని సిస్టర్లది కాదు. వార్డులో చెయ్యొచ్చు, డాక్టర్ వచ్చాక.

పర్లాకిమిడి వార్డు సిస్టర్ · మధ్యాహ్నం 1:40

స్పష్టంగా ఉంది సార్. భాష సంగతి ఒకటి అడగాలి. మా దగ్గర తెలుగు, ఒడియా, సవర మూడూ మాట్లాడేవాళ్లు ఉంటారు. "నొప్పా?" అంటే అందరూ అవునంటారు. నరం నొప్పినీ చర్మం నొప్పినీ ఎలా విడదీసి అడగాలి?

కొరాపుట్ ఫిజియోథెరపీ · మధ్యాహ్నం 2:20

మాట కన్నా చూపించమనడం మేలు. "ఎక్కడ?" అని అడిగి వేలు పెట్టమనండి. కాథెటర్ దగ్గరే ఒక్క వేలు పెడితే చర్మం, కుట్టు. అరచేత్తో పైనుంచి కింది దాకా రాస్తూ చూపిస్తే నరం. ఒడియా రోగితో "కరెంట్ మారిలా పరి లాగుఛి కి?" అంటే వెంటనే అర్థమవుతుంది. "ఝిమ్ ఝిమ్" అంటే తిమ్మిరి అని వాళ్లే చెబుతారు. సవర మాట్లాడే పెద్దవాళ్లకి ఇంట్లోవాళ్లలో రెండు భాషలు వచ్చినవాళ్లని పక్కన నిలబెట్టండి, మొదలుపెట్టడానికి ముందే, మధ్యలో వెతుక్కోకుండా. ఇంకా ముఖ్యం: తీయడానికి ముందు ఏ వేలు కదులుతోంది, పాదం పైకి లేస్తోందా, ఎక్కడ మొద్దుబారింది అన్నది రాసిపెట్టుకోండి. తర్వాత కొత్త బలహీనత వచ్చిందా అని పోల్చడానికి ఆ రాత ఒక్కటే ఆధారం. మోకాలి వెనక బ్లాక్‌కి పాదం పైకి ఎత్తడం, బొటనవేలు పైకి లేపడం చూడాలి. ఫెమోరల్‌కి మోకాలు చాచడం. మెడ బ్లాక్‌కి మోచెయ్యి మడవడం, భుజం పక్కకి ఎత్తడం.

కొరాపుట్ రేడియాలజీ · మధ్యాహ్నం 3:05

రెండు ప్రయత్నాల తర్వాత లాగుతూ కూర్చోకుండా చూడటం మొదలుపెట్టాలి, ముందు అల్ట్రాసౌండ్. లీనియర్ ప్రోబ్ కింద కాథెటర్ రెండు సమాంతర తెల్ల గీతల్లా కనిపిస్తుంది. చుట్టుకుంటే ఆ గీతలు ఒక చోట ముద్దగా మారతాయి. బొమ్మ ఒక్కటే చాలదు, కదలిక చూడాలి. ఒకరు బయట కాథెటర్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ముందుకీ వెనక్కీ ఆడిస్తుండగా తెర మీద నరం దానితో పాటు కదులుతుందేమో గమనించండి. నరం తోడు కదిలితే లోపల దాన్ని ఉచ్చు పట్టింది, ఇక ఎవరూ లాగకూడదు, సర్జన్‌కి అప్పజెప్పాలి. కండరం మాత్రమే కదిలితే ఇంకా దారులున్నాయి. కలర్ డాప్లర్ పెట్టి ఒకట్రెండు మిల్లీలీటర్ల సెలైన్ తోస్తే కొస ఎక్కడుందో రంగు మెరుపు చూపిస్తుంది.

లోతుగా ఉన్నవి, ఎపిడ్యూరల్, లావుగా ఉన్న రోగి, వీటికి అల్ట్రాసౌండ్ సరిపోదు. సీ ఆర్మ్ (ఓటీలో కదిలే ఎక్స్‌రే యంత్రం) కింద 1 నుంచి 2 మిల్లీలీటర్ల ఐయోహెక్సాల్ (ఎక్స్‌రేలో కనపడే, అయానిక్ కాని కాంట్రాస్ట్ మందు) తోస్తే మెలిక ఆకారం తెలుస్తుంది. వెన్నుపూస దగ్గరైతే అయానిక్ కాంట్రాస్ట్ ఒక్క చుక్క కూడా వాడకూడదు, వెన్నుపాము చుట్టూ చేరితే ప్రాణాపాయం. సీసా మీద పేరు చదివే ఎక్కించండి. సాదా ఎక్స్‌రేలో చాలా కాథెటర్లు సన్నగా, అస్పష్టంగా ఉంటాయి. కనపడలేదంటే లోపల లేదని అర్థం కాదు. ఇంకా తేలకపోతే సీటీ.

లోహపు తీగ చుట్టిన కాథెటర్ అయితే ఎమ్మారై ఆలోచన ఆపండి. తీగ వేడెక్కొచ్చు. రకం తెలియని కాథెటర్‌ని తీగ ఉన్నదిగానే లెక్కపెట్టండి.

బరంపురం మత్తు డాక్టర్ · సాయంత్రం 4:30

తీగ రకం గురించి బాకీ ఉన్నాను. కరెంటు పంపి నరాన్ని వెతికే స్టిమ్యులేటింగ్ కాథెటర్లలో, కొన్ని ఎపిడ్యూరల్ రకాల్లో లోపల సన్నని తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. మెలికలు తక్కువ, మడత పడదు, మంచి గుణాలే. కానీ పట్టేసినప్పుడు బలంగా లాగితే పై తొడుగు తెగి స్ప్రింగు విప్పుకుంటూ సాగుతూ వస్తుంది. లాగేవాళ్లకి "వస్తోంది" అనిపిస్తుంది. తొడుగూ కొసా లోపలే ఉంటాయి. తీగ కనిపించిన క్షణం ఆగాలి. లాగిన పొడవు కొలిచి, కాథెటర్ అసలు పొడవుతో పోల్చాలి, విప్పుకున్న తీగ కాథెటర్ కన్నా పొడవు అవుతుంది.

కొస గుండ్రంగా చుట్టుకునేలా చేసిన రకం ఒకటుంది, నరం దగ్గర నిలవడానికి. అది తీసేటప్పుడు చివరి రెండు మూడు సెంటీమీటర్లు కొంచెం బిగువుగా వచ్చి వదులుతుంది. దాన్ని ముడి అనుకుని భయపడక్కర్లేదు. అందుకే ప్యాకెట్ మీది స్టిక్కరు కేస్ షీట్‌లో అతికించమని మొత్తుకునేది. సిస్టర్ గారు చెప్పిన "రకం రాయని కాగితాలు" ఈ ఒక్క స్టిక్కరుతో పోతాయి.

రాయగడ ఎముకల సర్జన్ · సాయంత్రం 5:10

ముడి అని తేలాక ఓటీలో జరిగేది కూడా సిస్టర్లు తెలుసుకోవాలి, రోగి ఇంట్లోవాళ్లు అడిగేది వాళ్లనే కాబట్టి.

20 గేజ్ కాథెటర్ మందం సుమారు 0.9 మిల్లీమీటర్లు. ఒక ముడి పడితే ఆ చోట దానికి మూడు రెట్ల లావు. చర్మంలోని రంధ్రం గుండా అది రాదు, కానీ చిన్న దారి చేస్తే వస్తుంది. నరం పక్కకి ఉందని అల్ట్రాసౌండ్‌లో తేలితే, బయటి కొస దగ్గర కనెక్టరు కోసేసి, కాథెటర్ మీదుగా దారి వెడల్పు చేసే డైలేటరు, రక్తనాళాలకి వాడే షీత్ (తొడుగు గొట్టం) ఎక్కించి, తెర మీద చూస్తూ ముడి దాకా తీసుకెళ్లి, ముడిని షీత్‌లోకి లాగి రెండూ కలిపి తీస్తారు. పైన పొడవు ఎక్కువ ఉంటేనే ఇది కుదురుతుంది. వార్డులో ఎవరూ కాథెటర్‌ని పొట్టిగా కత్తిరించకూడదన్నది అందుకే.

నరం ఉచ్చులో ఉంటే షీత్ వద్దు. చిన్న కోత పెట్టి, కాథెటర్‌నే దారంగా పట్టుకుని కిందికి వెళ్లి, ముడి రెండు వైపులా కంటికి కనిపించాకే ఉచ్చుని కత్తిరించాలి. పూర్తి మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇస్తారు. ఒక్కోసారి ఆ వదులుకే, కోత పెట్టకుండానే, మృదువుగా లాగితే వచ్చేస్తుంది. అందుకని మత్తు ఇచ్చాక మొదట ఒకసారి లాగి చూస్తాం, కానీ నరం ఉచ్చులో లేదని అల్ట్రాసౌండ్ చెప్పినప్పుడు మాత్రమే. మత్తులో రోగి నోరు మళ్లీ మూతబడి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

గుణుపురం పీజీ · సాయంత్రం 5:45

తెగి ముక్క లోపల ఉండిపోతే ప్రతిసారీ తీయాల్సిందేనా? ఎపిడ్యూరల్ ముక్కలు వదిలెయ్యొచ్చని చదివాను.

బరంపురం మత్తు డాక్టర్ · సాయంత్రం 6:20

ఎపిడ్యూరల్‌లో చిన్న ముక్క, రోగికి ఏ లక్షణమూ లేదు, చీము లేదు, చర్మం బయటికి కొస లేదు అంటే చాలామంది వదిలేసి గమనిస్తారు. తీయడానికి వెన్ను తెరవడమే ఎక్కువ ప్రమాదం. నరాల పక్కన ముక్క వేరు. నరాన్ని రాపిడి పెడుతుంటే, తిమ్మిరి, నొప్పి ఉంటే, కొస చర్మం దాకా ఉంటే తీయాలి. చర్మం దగ్గరి కొస క్రిములకి లోపలికి దారి. వదిలేసినా, తీసినా రోగికీ ఇంట్లోవాళ్లకీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ముక్క పొడవు, చోటు, లోహం ఉందా లేదా అన్నది డిశ్చార్జి కాగితంలో ఉండాలి.

జయపురం ఓటీ టెక్నీషియన్ · సాయంత్రం 6:50

తెగడానికి ఇంకో కారణం, తీసేటప్పుడు కాదు, పెట్టేటప్పుడు జరిగేది. కాథెటర్ సూది కొస దాటాక సరిగా పోవట్లేదని సూదిని ఉంచి కాథెటర్‌ని మాత్రం వెనక్కి లాగితే, సూది అంచు కత్తిలా కోసేస్తుంది. సగం కోసిన కాథెటర్ ఆ రోజు బాగానే కనిపిస్తుంది, మూడో రోజు తెగుతుంది. వెనక్కి తీయాలంటే సూదీ కాథెటరూ కలిపే తీయాలి.

ముడి పడటానికి పెద్ద కారణం ఎక్కువ పొడవు పంపడం. సూది కొస దాటి 3 నుంచి 5 సెంటీమీటర్లు చాలు. "జారిపోతుందేమో" అని 8, 10 పంపితే లోపల చుట్ట చుట్టుకోడానికి తాడు ఇచ్చినట్టే. అడ్డు తగిలినా తోయడం, తిప్పి తిప్పి తోయడం కూడా చుట్ట కట్టిస్తాయి. ముందే 5 నుంచి 10 మిల్లీలీటర్ల సెలైన్‌తో చోటు చేస్తే నేరుగా పోతుంది. సూది మీదుగా కాథెటర్ ఉండే రకాల్లో సూది కొస దాటి చుట్టుకునే పొడవు మిగలదు కాబట్టి ముడి సమస్య దాదాపు ఉండదు.

పర్లాకిమిడి వార్డు సిస్టర్ · రాత్రి 8:05

రాత్రి పూట పట్టేస్తే? ఇక్కడ ప్రతి రాత్రీ మత్తు డాక్టర్ ఉండరు.

బరంపురం మత్తు డాక్టర్ · రాత్రి 8:40

అన్నీ అర్ధరాత్రి పరుగులు కావు. జివ్వుమనడం లేదు, కొత్త బలహీనత లేదు, చీము, జ్వరం లేవు అంటే ఉదయం దాకా ఆగొచ్చు. పంపు విప్పి, చివర శుభ్రమైన మూత పెట్టి, కాథెటర్‌ని వదులుగా చుట్టి, లాగుడు పడకుండా అతికించండి. ఎపిడ్యూరల్ విషయంలో కొందరు కొద్దిపాటి లాగుడుతో చర్మానికి అతికించి కొన్ని గంటలు వదులుతారు, మెల్లగా వచ్చేస్తుందని. అది డాక్టర్ చెబితేనే. చేతుల్లో, కాళ్లలో పెట్టిన కాథెటర్లకి వద్దు, లోపల నరం ఉందో లేదో తెలియకుండా రాత్రంతా లాగి ఉంచినట్టవుతుంది. తర్వాతి ఎనోక్సాపరిన్ డోసు ఇచ్చే ముందు ఫోన్ చెయ్యండి, ఉదయం ఓటీ పడొచ్చు.

ఆగకూడనివి: కాథెటర్ చోట ఎర్రబడి చీము, జ్వరం, పెరుగుతున్న నొప్పి, కొత్తగా కాలు లేదా చెయ్యి లేవకపోవడం. ఎపిడ్యూరల్ తీశాకైనా, పట్టేశాకైనా కొత్త నడుము నొప్పి, కాళ్ల బలహీనత, మూత్రం ఆగడం వస్తే వెన్నులో రక్తం గడ్డ కట్టిందేమో అని అప్పటికప్పుడు ఎమ్మారైకి పంపాలి. అక్కడ కూడా లోహపు తీగ ఇరుక్కుని ఉంటే రేడియాలజీతో మాట్లాడి, సీటీనా అన్నది వెంటనే తేల్చుకోవాలి. లక్షణాలు మొదలైన 8 గంటల లోపు ఒత్తిడి తీస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. రాయగడ నుంచో గుణుపురం నుంచో విశాఖకో బరంపురానికో చేరడానికే కొన్ని గంటలు పోతాయి. కాబట్టి "తెల్లారి చూద్దాం" అన్నది ఈ ఒక్క సందర్భంలో ఎవరి నోటా రాకూడదు. అంబులెన్సు పిలిచాకే ఫోన్లు.

పర్లాకిమిడి వార్డు సిస్టర్ · రాత్రి 9:15

బాగా వచ్చేసినప్పుడు చూడాల్సినవి కూడా రాసుకున్నాం: కొస గుండ్రంగా, రంగు పూర్తిగా ఉందా, గీతలు లెక్కకు సరిపోయాయా, ఇద్దరు చూసి సంతకం. తెగిన కాథెటర్‌ని ఏం చెయ్యాలి సార్, మామూలుగా ఎర్ర సంచిలో వేసేస్తాం.

కొరాపుట్ రేడియాలజీ · రాత్రి 9:40

వెయ్యొద్దు. మూత ఉన్న శాంపిల్ డబ్బాలో ఉంచి, పేరు, తేదీ రాసి ఓటీకి పంపండి. లోపల మిగిలింది ఎంత పొడవు, కొస ఉందా, తీగ ఉందా అన్నది ఆ ముక్కే చెబుతుంది. మేం తెర మీద ఏం వెతకాలో అప్పుడు తెలుస్తుంది. ముక్క లోపల వదిలేసిన రోగికి "ఫలానా చోట కాథెటర్ ముక్క, లోహం ఉంది, ఎమ్మారైకి ముందు చెప్పాలి" అని ఒక చీటీ, ఒడియాలో, తెలుగులో రెండింటిలోనూ రాసి లామినేషన్ చేసి ఇవ్వండి. వచ్చే ఏడాది వాళ్లు ఏ ఊరి స్కానింగుకి వెళ్తారో మనకి తెలియదు.